గదిలోని తెర, నుదుటి మీది విభూది: తపస్సు కాల ప్రారంభంలో టెలివిజన్ ఆరాధన

వ్యాససంగ్రహం

క్రైస్తవ ఆరాధనా సంవత్సరంలో తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు ప్రధాన క్రతువు స్పర్శకు సంబంధించినది: ఒకరి చేయి మరొకరి నుదుటిపై బూడిద పెడుతుంది. టెలివిజన్ మాటను, పాటను, దృశ్యాన్ని ఇంటికి చేర్చగలదు గాని స్పర్శను చేర్చలేదు. అందువల్ల తెరమీది ఆరాధనకు ఉన్న శక్తి, పరిమితి రెండూ ఏడాది మొత్తంలో ఈ రోజున స్పష్టంగా కనిపిస్తాయి. అంబర్‌పేట్, ఉప్పల్, నాచారం ప్రాంతాల జీవన నేపథ్యంలో, తెలుగు క్రైస్తవుల పదజాలం, ఆరాధనా చరిత్ర, 2020, 2021 సంవత్సరాల అనుభవం ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విభూది బుధవారం, భస్మ బుధవారం, తపస్సు కాలం, శ్రమల కాలం, ఒక్కపొద్దు, టెలివిజన్ ఆరాధన, ప్రత్యక్ష ప్రసారం, తూర్పు హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

అంబర్‌పేట్ నుండి ఉప్పల్ కూడలికి వెళ్ళే దారి రామంతాపూర్ మీదుగా సాగుతుంది. ఈ రామంతాపూర్‌లో రెండు సంస్థలు ఉన్నాయి. ఒకటి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం. రెండవది తెలుగు ప్రాంతాల కతోలిక మేత్రాసనాలకు గురువులను తయారుచేసే సెయింట్ జాన్స్ ప్రాంతీయ సెమినరీ. ఒకటి దూరాన ఉన్నదాన్ని కళ్ళ ముందుకు తెచ్చే సాధనానికి నిలయం. మరొకటి మనుషుల మధ్య నిలబడి క్రతువు నడిపేవారికి శిక్షణాలయం. ఈ రెండూ ఒకే పేటలో ఉండటం యాదృచ్ఛికమే. అయినా ఈ వ్యాసంలోని ప్రశ్నను మన ముందు ఉంచడానికి ఆ పొరుగుతనం చక్కగా ఉపకరిస్తుంది: తెరమీద చూసిన ఆరాధన, పాల్గొన్న ఆరాధన అవుతుందా?

ఈ ప్రశ్న ఆదివారపు పూజ విషయంలో తరచుగా చర్చకు వచ్చింది. తపస్సు కాలపు మొదటి రోజు విషయంలో మాత్రం అంతగా రాలేదు. నిజానికి ప్రశ్న పదునెక్కేది ఆ రోజుననే. ఆదివారపు ప్రసంగం వినడానికి చెవులు చాలు. విభూది స్వీకరించడానికి నుదురు కావాలి, దాన్ని పెట్టే చేయి ఎదురుగా ఉండాలి.

2. ఒక బుధవారం, మూడు పేర్లు

తెలుగులో ఈ రోజుకు మూడు పేర్లు వ్యవహారంలో ఉన్నాయి. కతోలికులు ఎక్కువగా ‘విభూది బుధవారం’ అంటారు. దక్షిణ ఇండియా సంఘం, లూథరన్ సంఘాల వారిలో ‘భస్మ బుధవారం’ వినిపిస్తుంది. ‘బూడిద బుధవారం’ ఇరువర్గాలలోనూ ఉన్న వాడుక. వస్తువు ఒకటే అయినా మాటలు మోసే అర్థఛాయలు వేరు. ‘బూడిద’ అచ్చతెలుగు మాట. పనికి రాకుండా పోయినదనే భావం దానికి అంటిపెట్టుకుని ఉంది. బూడిదలో పోసిన పన్నీరు అనే సామెతలో వినిపించేది ఆ వ్యర్థతే. ‘భస్మం’ కాలిపోయిన స్థితిని సూచిస్తుంది. ‘విభూది’ సంస్కృత ‘విభూతి’ నుండి వచ్చినది. ఐశ్వర్యం, మహిమ అనే అర్థాలు దానికి ఉన్నాయి. శైవ సంప్రదాయంలో నుదుట ధరించే పవిత్ర భస్మానికి అది పేరు. కనుక ఈ పేరు వాడినప్పుడు మట్టిలో కలిసిపోయే మనిషి అల్పత్వమూ, ఆ అల్పత్వాన్ని ఒప్పుకోవడంలోని పవిత్రతా కలిసి పలుకుతాయి.

ఈ బుధవారంతో మొదలయ్యే కాలానికి ఉన్న పేర్లలోనూ ఇటువంటి తేడా ఉంది. కతోలికులకు అది ‘తపస్సు కాలం’. ప్రొటెస్టెంటు సంఘాలలో ‘శ్రమల కాలం’ లేదా ‘శ్రమ దినాలు’. మొదటి పేరు విశ్వాసి చేయవలసిన సాధనపై దృష్టి నిలుపుతుంది. రెండవది క్రీస్తు పొందిన బాధను ముందుంచుతుంది. విభూది బుధవారం నుండి పునరుత్థాన పండుగ ముందురోజు వరకు 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలను మినహాయిస్తే 40 మిగులుతాయి. ఆదివారం ఉపవాస దినం కాదన్న ప్రాచీన నియమం ఈ లెక్కకు ఆధారం.

ఈ రోజు మహాశివరాత్రికి దగ్గరగా రావడం తెలుగునాట గమనించదగిన విషయం. 2022లో శివరాత్రి మార్చి 1న, విభూది బుధవారం మార్చి 2న వచ్చాయి. 2023లో అవి ఫిబ్రవరి 18, 22 తేదీలు. 2025లో ఫిబ్రవరి 26, మార్చి 5. దీనికి కారణం చాంద్రమానమే. పునరుత్థాన పండుగ వసంతకాలపు పౌర్ణమి తరువాతి ఆదివారం వస్తుంది. అక్కడి నుండి 46 రోజులు వెనక్కి లెక్కిస్తే సుమారుగా ఒక అమావాస్య సమీపానికి గాని, ఆ తరువాతి కొద్ది రోజులకు గాని చేరుతాము. శివరాత్రి అమావాస్యకు ముందటి చతుర్దశి. అధికమాసం వంటి కారణాల వల్ల రెండు లెక్కలూ ఒక నెల ఎడమైన సంవత్సరాలలో తప్ప, ఈ రెండూ ఒకే వారం పది రోజులలో పడతాయి. తెలంగాణ పల్లెల్లో శివరాత్రి ఉపవాసాన్నీ, రంజాన్ ఉపవాసాన్నీ ‘ఒక్కపొద్దు’ అనే పిలుస్తారు. కతోలికులు తమ ఉపవాసాన్ని చెప్పే మాట కూడా అదే.

3. విభూది క్రతువు: చరిత్ర, విధానం

బూడిద చల్లుకొని పశ్చాత్తాపం ప్రకటించడం పాత నిబంధన గ్రంథాలలో పలుచోట్ల కనిపించే ఆచారం. తొలి శతాబ్దాల క్రైస్తవ సంఘంలో ఘోరమైన పాపాలు చేసినవారు బహిరంగ ప్రాయశ్చిత్తంలో భాగంగా దీన్ని పాటించేవారు. ఆ వ్యవస్థ క్రమంగా కనుమరుగైంది గాని బూడిద నిలిచింది. 1091లో రెండవ అర్బన్ పోపు కాలంలో బెనెవెంతో సభ విశ్వాసులందరూ ఈ బుధవారం విభూది స్వీకరించాలని ఆదేశించింది. అంటే కొందరు దోషుల గుర్తుగా ఉన్నది అందరి గుర్తు అయింది. నేటికీ విభూదిని ఆశీర్వదించిన గురువు కూడా దాన్ని స్వీకరిస్తాడు. ఇవ్వడానికి నిలబడినవాడు తీసుకొనే వరుసకు బయట లేడు.

ఈ విభూదిని గత సంవత్సరపు మ్రానికొమ్మల ఆదివారం నాడు ఆశీర్వదించిన ఆకులను కాల్చి తయారుచేస్తారు. ఏడాదిపాటు ఇళ్ళలో సిలువ వెనుక గుచ్చి ఉంచిన మట్టలు కొన్నిచోట్ల తిరిగి దేవాలయానికి చేరతాయి. జయజయధ్వానాలతో ఊపిన ఆకు బూడిదగా మారి నుదుటికి వస్తుంది. ఇచ్చేటప్పుడు గురువు రెండు వాక్యాలలో ఒకటి పలుకుతాడు. ఒకటి మనిషి మట్టి నుండి వచ్చి మట్టికే చేరతాడని గుర్తుచేస్తుంది. ఇది ఆదికాండం నుండి గ్రహించినది. మరొకటి మార్కు సువార్త నుండి వచ్చిన పిలుపు. అది హృదయ పరివర్తనం చెంది సువార్తను విశ్వసించమంటుంది.

ఇక్కడ ఒక నియమం గమనార్హం. కతోలిక చట్టం ప్రకారం విభూది బుధవారం పూజకు హాజరు కావడం విధి కాదు. విధిగా చెప్పినవి ఉపవాసం, మాంసవర్జనం. 1966లో ఆరవ పౌలు పోపు సవరించిన నియమాలు 1983 నాటి చట్టసంహితలో స్థిరపడ్డాయి. వాటి ప్రకారం 18 ఏళ్ళు నిండినవారు 60వ ఏట ప్రవేశించే వరకు ఒక పూర్తి భోజనంతో సరిపెట్టుకోవాలి. 14 ఏళ్ళు నిండినవారు మాంసం మానాలి. అంటే చట్టం కోరినది వంటింట్లో జరుగుతుంది. సంప్రదాయం ప్రేమించినది దేవాలయంలో జరుగుతుంది. చట్టం విధించకపోయినా జనం గుంపులుగా వెళ్ళే రోజు ఇది. వారిని అక్కడికి రప్పించేది ఆ చిటికెడు బూడిదే.

ప్రొటెస్టెంటు సంఘాలలో ఈ ఆచరణ ఒకే తీరుగా లేదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, హైదరాబాదు ప్రాంతాన్ని కలుపుకొన్న మెదక్ అధ్యక్ష మండలం వంటి చోట్ల, భస్మ బుధవారం ఆరాధనతో శ్రమల కాలం మొదలవుతుంది. నుదుట బూడిద పెట్టడం కంటే ఉపవాస ప్రార్థనకు, ఇంటింటి కూడికలకు అక్కడ ప్రాముఖ్యం ఎక్కువ. పెంతెకొస్తు, బ్రదరెన్ సమాజాలలో చాలావరకు ఈ కాలాన్ని ప్రత్యేకంగా పాటించరు.

4. రెండు పఠనాలు, ఒక గది

ఈ రోజు కతోలిక పూజలో చదివే మొదటి పఠనం యోవేలు ప్రవచనం రెండవ అధ్యాయం నుండి వస్తుంది. ప్రవక్త బాకా ఊదమంటాడు, సమాజాన్ని కూడగట్టమంటాడు. వృద్ధులు రావాలి, పిల్లలు రావాలి, పాలు తాగే పసికందులు కూడా రావాలి. కొత్త పెళ్ళికొడుకు తన గది విడిచి రావాలి, పెళ్ళికూతురు తన గది విడిచి రావాలి. సువార్త పఠనం మత్తయి ఆరవ అధ్యాయం నుండి వస్తుంది. అక్కడ క్రీస్తు బోధ దీనికి ఎదురుగా ఉన్నట్లు వినిపిస్తుంది. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి. ఉపవాసం ఇతరులకు తెలియకుండా ముఖం కడుక్కోవాలి, తలకు నూనె రాసుకోవాలి. ముఖం కడుక్కొమ్మని చదివిన కాసేపటికే నుదుట బూడిద పెట్టడం ఈ రోజుకు ఉన్న విచిత్రమైన వైరుధ్యం.

ఒక పఠనం గది నుండి బయటికి పిలుస్తుంది, మరొకటి గది లోపలికి పంపుతుంది. సంప్రదాయం వీటిలో ఏ ఒక్కదాన్నీ వదులుకోలేదు. పశ్చాత్తాపం ప్రదర్శన కారాదని మత్తయి హెచ్చరిక. అది ఒంటరి వ్యవహారంగా మిగలరాదని యోవేలు పట్టుదల. అందరూ ఒకే గుర్తు ధరించిన చోట ఆ గుర్తుతో ఎవరూ గొప్ప చూపుకోలేరు. అందువల్ల సమాజం మధ్య విభూది ప్రదర్శనగా కాక సమానత్వంగా కనిపిస్తుంది.

టెలివిజన్ ఉండేది సరిగ్గా ఆ గదిలోనే. తలుపు మూసి ఉంటుంది, అయినా బాకా లోపలికి వినిపిస్తుంది. పైచూపుకు రెండు పఠనాలూ నెరవేరినట్లే ఉంటుంది. కాని బాకా శబ్దం లోపలికి రావడం వేరు, దాన్ని విన్నవారు బయటికి రావడం వేరు. యోవేలు కోరినది రెండవది. తెర మొదటిదాన్నే చేయగలదు.

5. తెరమీది ఆరాధన: అనుమతి, హద్దులు

దేవాలయపు ఆరాధనను టెలివిజన్‌లో చూపడం కొత్త విషయం కాదు. 1948 క్రిస్మస్ రాత్రి పూజ పారిస్ నోత్ర్ దామ్ దేవాలయం నుండి ప్రసారమైంది. 1957లో పన్నెండవ పయస్ పోపు చలనచిత్రం, రేడియో, టెలివిజన్‌లపై ఒక విశ్వలేఖ వెలువరించారు. పూజ ప్రసారం రోగులకు, రాలేనివారికి మేలు చేస్తుందని అంగీకరిస్తూనే, చూడటం అక్కడ ఉండటంతో సమానం కాదని అందులో స్పష్టం చేశారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆమోదించిన ఆరాధనా శాసనం, ఇటువంటి ప్రసారాలు వివేకంతో, గౌరవంతో, పీఠాధిపతులు నియమించిన యోగ్యుల పర్యవేక్షణలో జరగాలని చెప్పింది.

టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా అస్సీసి క్లారాను ప్రకటించిన కథ కూడా ఈ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. 13వ శతాబ్దానికి చెందిన క్లారా జబ్బుపడి క్రిస్మస్ పూజకు వెళ్ళలేకపోయింది. ఆమె మంచం మీద నుండే ఆ ఆరాధనను గ్రహించగలిగిందని సంప్రదాయం చెబుతుంది. అంటే తెరమీది ఆరాధనకు సంఘం ఎంచుకున్న ఆదర్శ ప్రేక్షకురాలు రోగి. కదలగలిగి కూడా కదలని వ్యక్తి కాదు.

పూజ ప్రసారంలో సత్ప్రసాదం ఇచ్చే సమయానికి ఇంట్లో ఉన్నవారు చేయడానికి ఒక పని ఉంటుంది. ఆధ్యాత్మికంగా సత్ప్రసాదాన్ని స్వీకరించే ప్రార్థన శతాబ్దాలుగా వాడుకలో ఉంది. ప్రసారాలలో దాన్ని చదివి వినిపించే అలవాటూ ఏర్పడింది. విభూదికి అటువంటి ప్రత్యామ్నాయ ప్రార్థన సంప్రదాయంలో లేదు. గురువు బొటనవేలు ఒక్కొక్క నుదుటినీ తాకుతుంటే పాట సాగుతుంది, వరుస కదులుతుంది. చూసేవారు మాత్రం ఖాళీ చేతులతో కూర్చుంటారు. విభూది సంస్కారం కాదు, సంస్కారానుకరణం మాత్రమే. కనుక అది అందనందువల్ల కృపకు లోటు లేదని వేదాంతం చెబుతుంది. అయినా ఖాళీ ఖాళీగానే తెలుస్తుంది.

6. తెలుగు బుల్లితెర: దర్శనం, ప్రసంగం, క్రతువు

హైదరాబాదు దూరదర్శన్ 1977లో ప్రారంభమైంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ప్రసారాలకు 2014లో యాదగిరి అనే పేరు వచ్చింది. దేశమంతటా 1987 జనవరి నుండి ప్రసారమైన రామాయణం ధారావాహికను స్నానం చేసి, తెర ముందు అగరుబత్తి వెలిగించి చూసిన ఇళ్ళ సంగతి ప్రసిద్ధం. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్‌ను ఆరంభించింది. సుప్రభాతం, కల్యాణోత్సవం ఇంటింటికీ చేరాయి. హిందూ సంప్రదాయంలో దర్శనమే ఒక ఆరాధన. చూడటంలోనే ఫలం ఉంది. అందువల్ల తెర అక్కడ సులభంగా ఒదిగింది.

ఈ వాతావరణంలో పెరిగిన తెలుగు క్రైస్తవుల చూపులోనూ దర్శన సంస్కారం ఉండటం సహజం. పూజ ప్రసారమయ్యేటప్పుడు తలపై చెంగు కప్పుకోవడం, మోకరించడం, తెర ముందు కొవ్వొత్తి వెలిగించడం ఆ సంస్కారానికి కొనసాగింపులే. కాని క్రైస్తవ క్రతువుల మూలం చూపులో లేదు. నీటిలో మునగడం, రొట్టె తినడం, తైలం పూయడం, బూడిద పెట్టడం అన్నీ శరీరాన్ని తాకే చర్యలు.

తెలుగు క్రైస్తవ ఛానళ్ళ స్వభావం మరొక కారణం. ఆరాధన, శుభవార్త, రక్షణ వంటి ఛానళ్ళలో అధికభాగం ప్రసంగాలు, పాటలు, స్వస్థత ప్రార్థనలు. ఆ ప్రసంగీకులలో చాలామంది స్వతంత్ర సంఘాలవారు. ఆ సంఘాలు సాధారణంగా ఆరాధనా సంవత్సరాన్ని అనుసరించవు. కనుక బుధవారం ఉదయం టీవీ పెట్టిన విశ్వాసికి వాక్యం దొరుకుతుంది గాని, ఆ రోజు ప్రత్యేకత దొరకకపోవచ్చు. కతోలిక పక్షాన సికిందరాబాదులోని అమృతవాణి సమాచార కేంద్రం దశాబ్దాలుగా పాటలు, కార్యక్రమాలు రూపొందించింది. తెలుగు కతోలిక పీఠాధిపతుల సమాఖ్యకు చెందిన దివ్యవాణి టీవీ తెలుగు పూజను, సిలువ మార్గాన్ని ఇళ్ళకు చేరుస్తోంది. ప్రసంగ ప్రధానమైన తెరపై క్రతువుకు చోటు దొరకడం దీనివల్ల వచ్చిన మార్పు.

7. 2020, 2021: రెండు బుధవారాలు

2020లో విభూది బుధవారం ఫిబ్రవరి 26న వచ్చింది. జనం ఎప్పటిలాగే వరుసల్లో నిలబడి విభూది స్వీకరించారు. నెల తిరగకముందే, మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ వచ్చాయి. దేవాలయాలు మూతపడ్డాయి. ఏప్రిల్ 5న మ్రానికొమ్మల ఆదివారం, 10న శుభ శుక్రవారం, 12న పునరుత్థాన పండుగ ఇళ్ళలోనే గడిచాయి. ప్రార్థనా స్థలాలు తెరవడానికి జూన్ 8 నుండి అనుమతి లభించింది. సమాజం మధ్య మొదలుపెట్టిన తపస్సు కాలాన్ని గదిలో ముగించిన సంవత్సరం అది. మార్చి 25న ఆరాధనా వ్యవహారాల వాటికన్ విభాగం జారీచేసిన ఉత్తర్వు, పవిత్రవారపు ప్రసారాలు ముందుగా చిత్రీకరించినవి కాక ప్రత్యక్ష ప్రసారాలుగా ఉండటం మేలని సూచించింది. చోటు పంచుకోలేనప్పుడు కనీసం సమయాన్ని పంచుకోవాలన్నది అందులోని ఆలోచన. ‘ప్రత్యక్ష ప్రసారం’ అనే తెలుగు మాట కళ్ళ ఎదుట ఉండటాన్ని వాగ్దానం చేస్తుంది. అది నిజంగా ఇచ్చేది ఏకకాలికతను మాత్రమే.

2021లో ఈ రోజు ఫిబ్రవరి 17న వచ్చింది. అంతకుముందు జనవరి 12న అదే విభాగం ఒక సూచన వెలువరించింది. గురువు విభూదిని ఆశీర్వదించి, వాక్యాన్ని అందరినీ ఉద్దేశించి ఒకేసారి పలకాలి. ఆ తరువాత చేతులు శుభ్రం చేసుకొని, మాస్కు ధరించి, ఏమీ పలకకుండా ఒక్కొక్కరి తలపై విభూది చల్లాలి. పేరుకు ఇది ఆరోగ్య జాగ్రత్త. లోతుగా చూస్తే ఒక క్రతువును రెండుగా విడదీసిన సందర్భం. మాట ఒకవైపు, బూడిద ఒకవైపు నిలిచాయి. మాట తెర దాటి ఎంతమందికైనా చేరుతుంది. బూడిద మాత్రం ఎదుట ఉన్నవారికే అందుతుంది. ఏది ప్రసారయోగ్యం, ఏది కాదు అన్న భేదాన్ని ఏ సిద్ధాంత గ్రంథమూ ఇంత సూటిగా చూపలేదు.

8. తూర్పు హైదరాబాదులో తెర ఎవరికి అవసరం?

ఉప్పల్ వరంగల్ రహదారికి నగరపు ద్వారం. వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి బతుకుతెరువుకు వచ్చిన కుటుంబాలు ఈ పేటల్లో స్థిరపడ్డాయి. నాచారం పారిశ్రామికవాడలో పని వేళలు షిఫ్టుల ప్రకారం నడుస్తాయి. బుధవారం సెలవు దినం కాదు. అక్కడి ఈఎస్ఐ ఆసుపత్రి వంటి చోట్ల మంచాన ఉన్నవారికీ, వారిని కనిపెట్టుకుని ఉన్నవారికీ బయటికి రావడం కుదరదు. అంబర్‌పేట్ పాత ఇళ్ళలో మేడమెట్లు దిగలేని వృద్ధులు ఉంటారు. పనివేళ, జబ్బు, వయసు అనే మూడు కారణాలు మనిషిని గదికి పరిమితం చేస్తాయి. మత్తయి సువార్త చెప్పిన గది ఎంచుకున్నది. వీరి గది ఎంచుకున్నది కాదు.

వీరికి టెలివిజన్ చేసే మేలు చిన్నది కాదు. ఆనాటి పఠనాలు, ప్రార్థనలు తమ భాషలో వినిపిస్తాయి. ఒక్కపొద్దు ఉన్నది తాము ఒక్కరమే కాదన్న ధైర్యం కలుగుతుంది. అయితే ఆ మేలులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. మంచాన ఉన్న మనిషి టీవీలో పూజ చూసిందని తెలిసినప్పుడు, ఆమె దగ్గరికి వెళ్ళవలసిన బాధ్యత తీరినట్లు మిగిలినవారికి అనిపించవచ్చు. తెర ఆమె లేమిని తీర్చడానికి బదులు ఇతరుల కంటికి కనిపించకుండా చేయవచ్చు.

ఈ ప్రమాదానికి విరుగుడు సంప్రదాయంలోనే ఉంది. విభూదిని ఆశీర్వదించడం గురువు లేదా డీకను పని. ఆశీర్వదించిన విభూదిని పంచడంలో ఇతరులు సహాయపడవచ్చు. దేవాలయానికి రాలేనివారి దగ్గరికి దాన్ని తీసుకువెళ్ళవచ్చు. సత్ప్రసాదానికి ఉన్నంత కట్టుబాటు దీనికి లేదు. ప్రొటెస్టెంటు సంఘాలలోని ఇంటింటి కూడికలూ ఈ అవసరాన్ని మరోవిధంగా తీరుస్తాయి: గది విడిచి రాలేని మనిషి ఉన్న గదికే సమాజం వెళ్తుంది. ఉదయం తెరమీద పఠనాలు విన్న ఇంటికి సాయంత్రం ఒకరు చిన్న పొట్లంలో విభూది పట్టుకెళ్తే, ప్రసారం ఆపినచోట చేయి అందుకుంటుంది.

9. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

1. విభూది బుధవారం నాడు చట్టం విధించిన ఉపవాసం, మాంసవర్జనం ఇంట్లోనే నెరవేరేవి. టెలివిజన్ ముందున్న విశ్వాసి ఈ విషయంలో ఎవరికీ తీసిపోడు.

2. ఆ రోజు ప్రధాన చిహ్నమైన విభూది స్పర్శ ద్వారానే అందుతుంది. ఆధ్యాత్మిక సత్ప్రసాద స్వీకరణ వంటి ప్రత్యామ్నాయం దానికి లేదు.

3. యోవేలు, మత్తయి పఠనాలు కలిసి సమాజాన్నీ, ఏకాంతాన్నీ ఏకకాలంలో కోరుతాయి. తెర ఏకాంతంలోకి సమాజపు శబ్దాన్ని తెస్తుంది గాని సమాజాన్ని తేలేదు.

4. తెలుగు క్రైస్తవ ప్రసారాలు అధికంగా ప్రసంగ ప్రధానమైనవి. క్రతువును, ఆరాధనా కాలాన్ని చూపే ప్రసారాల ప్రత్యేకత అందువల్లనే పెరుగుతుంది.

5. రాలేనివారి విషయంలో ప్రసారం మొదటి మెట్టు మాత్రమే. దాని తరువాత ఒక మనిషి వెళ్ళవలసి ఉంటుంది.

దూరదర్శన్ అన్న పేరులోనే దూరం ఉంది. దూరాన ఉన్నదాన్ని చూపడం ఆ సాధనం ధర్మం, దాన్ని అది నిజాయితీగా నెరవేరుస్తుంది. దూరాన్ని తగ్గించడం మాత్రం మనుషుల పని. అంబర్‌పేట్‌లో గాని, నాచారంలో గాని ఒక వృద్ధురాలి నుదుటికి విభూది చేరాలంటే ఎవరో ఒకరు ఆ మెట్లు ఎక్కవలసిందే.